కేకలు పెట్టే కేసెట్

అమ్మా మహమూదా, నాన్న దీవెనలు. నరసరావుపేటలో నేను, నా రేడియో కొట్టు బాగానే ఉన్నాం.

మొన్న రొంపిచెర్ల బస్సులో మీకు పంపింది ఖవ్వాలీ కేసెట్ కాదు, పొరపాటున మారింది. పెడితే కీచుమని కేకలు పెడుతుంది. చెడిపోయిందని పారెయ్యొద్దు. అది నా కంప్యూటరుది. నేను కొట్టిన ప్రోగ్రాం అంతా ఆ మిషను కేసెట్ మీద అలా కేకలుగానే దాచిపెడుతుంది. కరెంటు పోతే దాని బుర్రలో ఏమీ మిగలదు. ఆ కేసెట్టే నాకు దిక్కు.

మీ అన్న కరీముల్లాకు గట్టిగా చెప్పు. దాని మీద ఇంకేమీ ఎక్కకుండా కేసెట్ వెనక పుల్లలు కావాలనే విరగ్గొట్టాను. అక్కడ కాగితం కూరి సినిమా పాటలు ఎక్కించాడంటే ఊరుకోను.

పక్క కొట్టు మల్లికార్జునరావు, "ఏంది సాయిబూ, ఈ వయసులో నీకీ గోలేంది? దానికి తెలుగు రాదంటగా!" అని నవ్వాడు. ఎదురు చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. అయినా "రాకపోతే నేర్పుతా" అనేశాను. ఒక్కో అక్షరాన్ని చుక్కచుక్కగా పేరుస్తున్నాను. ఎవరు నవ్వినా మానను.

గేదె ఈనిందా? అమ్మ మోకాళ్లకు నూనె రాస్తున్నావా? టీవీ ఏదని అమ్మ అడిగితే, కంప్యూటరుకు తెర అదే, పనయ్యేదాకా కొట్లోనే ఉంటుందని చెప్పు. కేసెట్‌ను గుడ్డలో చుట్టి శుక్రవారం బస్సు కండక్టరుకు ఇవ్వు.

కార్డు పోస్టుమాన్ కూడా చదువుతాడు, చదవనీ. ఆ కేకల్లో ఉన్నది మీ అమ్మ పేరు. తెర మీద నేను తెప్పించిన మొదటి తెలుగు మాట, కాశింబీ.

అందరికీ సలాం.
నాన్న, కాలేషా