అత్తయ్య ‘అయింది’ అనాలి

ఆగస్టు 3, ఆదివారం

పదిహేడున అత్తయ్యకి తొంభై నిండుతాయి. డాక్టర్ మాత్రం అంతదాకా ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆవిడ అది విని మంచంలోంచే నాకు ఇంటి బీరు కాచే పని పురమాయించింది. "సైమీ, సాహ్తి కాచు. మాల్ట్ ఎక్కువ వెయ్యి, నీళ్ళు తగ్గించు. ఘాటుగా ఉంటే నిలవుంటుంది. పుట్టినరోజుకైనా అదే, నా చావుకైనా అదే. రెండుసార్లు కాచే ఓపిక నీకెక్కడిది?" అంది.

మా ఆయన టౌనో మొహం తిప్పుకున్నాడు. నేను వెళ్ళి బార్లీ మాల్ట్ తూచాను.

ఆగస్టు 4, సోమవారం

రోజంతా ఆవిరిస్నానాల సౌనా గదిలోనే. చెక్క దోనెలో జునిపర్ పొద కొమ్మలు పరిచి, వాటి మీద గడ్డి వేసి, వేడినీళ్ళలో నానిన మాల్ట్‌ని ముంతెడు ముంతెడుగా వడకట్టాను. తొందరపడితే మడ్డి దిగుతుంది. పాకంలా చిక్కగా, నల్లగా దిగింది. ఇంత చిక్కగా ఎప్పుడూ రాలేదు. సాయంత్రం గోరువెచ్చన అయ్యాక రొట్టెల ఈస్ట్ కలిపి క్యాన్‌లో పోశాను.

ఆగస్టు 5

నురుగు క్యాన్ మూతని లేపేసింది. బాగుంది.

ఆగస్టు 8, శుక్రవారం

మామూలు సాహ్తి అయితే నిన్ననే నేలకింది సెల్లార్‌లోకి దిగేది. ఇది ఇంకా బుసకొడుతోంది. నాలుక మీద తీపి కూడా తగ్గలేదు. తగ్గందే కదపను.

ఆడపడుచు ఇర్యా లాహ్తి పట్నం నుంచి వచ్చింది. కోటు విప్పకుండానే మొదలుపెట్టింది. "వదినా, అమ్మకి ఒక్క గుక్క ఇప్పుడే పోస్తే నీ సొమ్మేం పోయింది?"

పచ్చిది తాగితే కడుపు తిప్పేస్తుందని, ఆవిడ నోట్లో ఆఖరి రుచి అది కాకూడదని చెప్పాను.

"అబ్బో! నీ పేరు కోసమన్నమాట," అంది.

కొంత పేరు కోసమే. ముప్పై ఏళ్ళు ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఇందుకు కాకపోతే మరెందుకు?

ఆగస్టు 9

నురుగు కూర్చుంది. తీపి అడుగున చిరుచేదు తగిలింది. పీపాలోకి దించి సెల్లార్‌లో పెట్టాం. చల్లగా వారం ఉండాలి. తాళంచెవి నా ఏప్రన్ జేబులో ఉంది.

ఆగస్టు 12, మంగళవారం

అత్తయ్య ఏమీ తినలేదు. రెండు చెంచాల నీళ్ళు తాగిందంతే.

ఇర్యా మగ్గు పట్టుకుని సెల్లార్ తలుపు దగ్గర నిలబడింది. ఏడుస్తోంది. దాని వీపు నిమిరాను. తాళంచెవి ఇవ్వలేదు. ఒక్కదాన్నే దిగి రుచి చూశాను. ఈస్ట్ గొంతులో గీరుకుంది. పైకొచ్చి, ఇంకా కాలేదని అత్తయ్యకి ఉన్నదున్నట్టు చెప్పాను.

"కాలేదని నాకు తెలుసు," అంది. "ఇర్యా పొద్దుట్నుంచీ చెవిలో ఒకటే నస. దాని మాట వినకు."

తప్పు చేస్తున్నానని అనిపించలేదు. భయం మాత్రం వేసింది.

ఆగస్టు 15

అత్తయ్య గంజి అడిగింది. ఉప్పు తక్కువైందని తిట్టింది.

ఆగస్టు 16

అయింది. తీపి, చేదు, ఘాటు, దేని చోట అది ఉంది. ఇంతకంటే మంచిది ఈ ఇంట్లో దిగలేదు. నాకు ఏ అనుమానమూ లేదు.

ఆగస్టు 17, ఆదివారం

ఇల్లంతా చుట్టాలే. ఈ ఇంట్లో పెద్దావిడ తాగి ‘అయింది’ అనేదాకా ఎవరూ ముట్టకూడదు. అందరూ అత్తయ్య మంచం చుట్టూ మూగారు. రెండు పిడుల చెక్క ముంతకి ఒక పిడి నేను, ఒక పిడి ఇర్యా పట్టుకున్నాం.

ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది.

"ఇంకొక్క రోజు పడుతుంది," అంది.

ఆవిడ తమ్ముడు అర్వో గోల పెట్టాడు. "అక్కా! ఇంత దూరం వస్తే కాఫీ పోసి పంపిస్తావా?"

"పంపిస్తానని ఎవరన్నారు? పడుకోండి."

యాలకుల రొట్టె కోశాను. పిల్లలకి సౌనాలో, మగవాళ్ళకి గడ్డి కొట్టంలో పక్కలు వేశాం. నవ్వులు ఇంకా వినిపిస్తున్నాయి. అత్తయ్య తన గది తలుపు తీసే ఉంచమంది, వినపడాలట.

ఆగస్టు 18

అత్తయ్య ఇవాళా ఒక గుక్క తాగింది. ఇంకొక్క రోజు, అంది. ఇర్యా నా వైపు చూసింది. అవును, ఇంకా పచ్చిగానే ఉంది, అన్నాను.