పొంగని రొట్టె

రాజమహేంద్రవరం,
బుధవారం.

అన్నయ్యకు చెల్లెలు వ్రాసుకొనే సంగతి.

ప్రభువు దయవల్ల మేమందరం బాగున్నాము. నా రొట్టె ఒక్కటే బాగాలేదు.

బెల్లమూ కొబ్బరీ వేసి నేను కుండలో కాల్చే తీపి రొట్టె అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. మా అత్తగారు దాన్ని పప్పుచారులో కూడా ముంచుకు తింటారు. మిషన్ దొరసానిగారైతే "మా దేశంలోనూ ఇంత మెత్తగా రాదు" అన్నారు. పిండి పొంగడానికి ఏం కలుపుతానో ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. రోజూ తెల్లవారగానే తాటిచెట్లెక్కే వీరన్న పెరటి గుమ్మంలో గిద్దెడు కల్లు పోసి వెళ్లేవాడు.

మొన్న ఆదివారం మీ బావగారు చర్చిలో కల్లు మానమని ప్రసంగించారు. ఏళ్ల తరబడి చెబుతున్నా ఎవరూ వినలేదు కదా అని నేను నిశ్చింతగా కూర్చున్నాను. ఈసారి వీరన్న విన్నాడు. ఏడుస్తూ వచ్చి మోకూ కత్తీ ఆయన కాళ్ల దగ్గర పెట్టి, "ఇంక చెట్టెక్కనండి అయ్యగారూ" అన్నాడు.

ఆనాటి నుంచి నా రొట్టె ఇటుకలా వస్తోంది.

వచ్చే ఆదివారం కల్లు మానినవారి సభ. వీరన్నకు సన్మానం చేసి అందరికీ నా రొట్టె పెడతామని దొరసానిగారు చాటించారు. మీ బావగారేమో "నీకు విశ్వాసం తగ్గిందే" అంటూ పిండి గిన్నె ముందు మోకరించి ప్రార్థిస్తున్నారు.

కనుక శనివారం పడవలో ఒక ముంతెడు పంపించు. మూతికి గుడ్డ కట్టు. ఎవరైనా ఏంటని అడిగితే అబద్ధమాడకు. మీ బావగారి ప్రార్థనకు జవాబని చెప్పు.

నీ చెల్లెలు