కోసేసిన మూడో పిన్ను

అమ్మలూ, నేను వచ్చేదాకా నీ కంప్యూటర్ జోలికి పోకు. పొద్దున దాని డబ్బా తుడుస్తుంటే నాకు షాకు కొట్టింది. ప్లగ్గు పీకి చూస్తే పైనుండే లావు పిన్ను లేదు. రెండు కన్నాల బోర్డులో పట్టడం లేదని రంపంతో కోసేశావట, మీ అమ్మ చెప్పింది. లీకైన కరెంటు ఎర్తులోకి పోయేది దాంట్లోంచే కదే! పైగా స్నానం చేసొచ్చి తడికాళ్లు ఆ ఇనప డబ్బా మీదే పెట్టుకుని కూర్చుంటావు. ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కదు. ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని, కొత్త బోర్డు, కొత్త వైరు తెస్తాను. నీ సంగతి తెలుసు కాబట్టి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోతున్నాను.

తాత

పని ఆగిందేమని మీ ఆఫీసువాళ్లు అడిగితే, మా ముసలాడు మొండివాడు, కరెంటు తీసేసి పోయాడని చెప్పు. ఆ మాట నేను పడతాను.