స్టీరింగ్ బరువు

3 ఫిబ్రవరి, సోమవారం

బండి కింద మళ్లీ ఆయిల్ మడుగు. మా ఆయన యేసుబాబు కిందికి దూరి చూసి, పవర్ స్టీరింగ్ బాక్స్ నుంచే కారుతాంది, అడుగున సీల్ పోయింది ఎలీషా అని నాతో అన్నాడు. పోయడం, కారడం, మళ్లీ పోయడం. ఆయిల్ తగ్గితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. పాత పికప్పే కానీ మాకు అన్నం పెట్టేది అదే. శివరాత్రికి శ్రీశైలం జనం కదిలితే దోర్నాల హోటళ్లకు రోజూ కూరగాయలు, నీళ్ల క్యాన్లు తోలాలి. ఈ నెల పోతే ఏడాది పోయినట్టే.

5 ఫిబ్రవరి

నన్నూ బండెక్కమన్నాడు. స్టీరింగ్ బరువు, మలుపు కాడ నువ్వో చెయ్యి వెయ్యి అన్నాడు. పెద్దారవీడు దాటిన దగ్గర్నుంచి ఎడమ సీట్లో వంగి కూర్చున్నాను. ఎడమ మలుపుకు కిందికి లాగాలి. కుడి మలుపుకు పైకి నెట్టాలి. ఆ, అని ఆయన అంటే చాలు, నేను చెయ్యి వేస్తాను. దోర్నాల హోటల్ రాములమ్మ చూసి, మొగుడూ పెళ్లాం కలిసి తోలే బండి ఇప్పుడే సూస్తిని పిల్లా అని పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు.

6 ఫిబ్రవరి, ఉదయం

టీ గ్లాసు ఆయన చేతిలోంచి జారిపోయింది. కుడి చెయ్యి తిమ్మిరి అన్నాడు. ఆ స్టీరింగ్‌తో కుస్తీ పడితే తిమ్మిరి పట్టదా మరి. ఆముదం వెచ్చజేసి భుజం నుంచి వేళ్ల దాకా రుద్దాను. ఎవరడిగినా అదే చెప్పాను, స్టీరింగ్ వల్లే అని.

8 ఫిబ్రవరి, శనివారం

రోజంతా మార్కాపురం గ్యారేజీలో. మెకానిక్ ఆదిశేషు ఆయనకు పాత స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. బాక్స్ కింద చక్రాలను తిప్పే కడ్డీ, డ్రాప్ ఆర్మ్, ఊడదీయడానికే మధ్యాహ్నం దాటింది. తుప్పుతో కరుచుకుపోయింది, ఊడలాగే పుల్లర్ వేసి బిగిస్తే పుల్లరే వంగింది. బిగించేటప్పుడు మళ్లీ అదే పంటి మీద కూర్చోవాలని ఆర్మ్ మీదా, అది తగిలించే షాఫ్ట్ మీదా ఉలితో గాటు పెట్టుకున్నాడు. కొత్త సీల్ కిట్ వేశాడు. ఇంక సుక్క కారితే నన్నడుగు వదినా అన్నాడు. ఆయన పక్కనే బల్ల మీద కూర్చుని, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. అలిసిపోయాడనుకున్నాను. నేనూ అలిసిపోయాను.

9 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో పాస్టరమ్మ మేరీగారు బయటికొచ్చి బండి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. స్టీరింగ్‌ను, చక్రాలను, ఇంజిన్‌ను పేరుపేరునా దీవించారు. అందరం ఆమెన్ అన్నాం. ఆయన చెయ్యి గురించి అడగాలని నాకూ తట్టలేదు, వాళ్లకూ తట్టలేదు. బండి బాగైతే చెయ్యి అదే బాగవుతుంది కదా.

12 ఫిబ్రవరి

మళ్లీ కారింది.

13 ఫిబ్రవరి

ఆదిశేషు వచ్చి చూశాడు. తప్పు సీల్‌ది కాదట, షాఫ్ట్‌దట. తుప్పు తిని గుంటలు పడిందట. ఎన్ని సీళ్లేసినా కోసేస్తాది వదినా, షాఫ్టే మార్చాల, ఒంగోలు నుంచి తెప్పిస్తా, అప్పటిదాకా ఆయిల్ పోసుకుంటా నడపండి అన్నాడు.

ఆయన చిరాకుపడ్డాడు. మొదలే షాఫ్ట్ సూసుకోవద్దా అని కేకలేశాడు. ఆ మాటలు ముద్దముద్దగా వచ్చాయి. కోపంలో నాలుక తడబడిందనుకున్నాను. ఆదిశేషు కూడా నవ్వి, మందు తాగినావా ఏందన్నా అన్నాడు. తాగలేదు. మా ఆయన జన్మలో తాగలేదు.

17 ఫిబ్రవరి

దోర్నాల దగ్గర మలుపులో ఆయన ఆ, అని అనలేదు. ఎదురుగా బస్సు. నేనే రెండు చేతులతో వేలాడినట్టు కిందికి లాగాను. బండి మట్టిలోకి దిగి ఆగింది. నీళ్ల క్యాన్లు దొర్లిపోయాయి. బస్సు డ్రైవర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఏమయ్యా, నోరు తెరవకపోతే నాకెట్ల తెలుస్తాదని అరిచాను. అన్నాను, నీకు వినపడలే అన్నాడు. ఆయన అనలేదు. అన్నాననే అనుకుంటున్నాడు. నాకు ఇంక ఓపిక లేదు. ఆ షాఫ్ట్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

20 ఫిబ్రవరి, గురువారం

షాఫ్ట్ వచ్చింది. ఆదిశేషు పొద్దున్నే కూర్చుని, కొత్త షాఫ్ట్ మీదా పాతదాని లెక్కనే గాటు పెట్టి, మధ్యాహ్నానికి బిగించేశాడు. తర్వాత జరిగింది రాయాలని లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

బాక్స్‌లో గాలి పోవాలంటే ముందరి చక్రాలు జాకీల మీద లేపి, ఇంజిన్ ఆన్ చేసి, స్టీరింగ్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పాలి. ఆదిశేషు బానెట్ దగ్గర ఆయిల్ పోస్తూ నిలబడ్డాడు. ఆయన సీట్లో కూర్చున్నాడు. ఎడమకు తిరిగింది. కుడికి సగంలో ఆగిపోయింది. ఇంకా తిప్పన్నా అన్నాడు ఆదిశేషు. బిగిసింది, కదల్లే అన్నాడు ఆయన. ఆదిశేషు మొహం పాలిపోయింది. ఏదో తప్పు బిగించాననుకుని కింద దూరి గాట్లు చూసుకున్నాడు. సరిగ్గానే ఉన్నాయి. లేచి వచ్చి కిటికీలోంచి చెయ్యి పెట్టి ఒక్క వేలితో తిప్పాడు. చివరిదాకా తిరిగింది. నన్ను పిలిచి తిప్పమన్నాడు. నా చిటికెన వేలికి కూడా తిరిగింది.

ఆయన మళ్లీ పట్టుకున్నాడు. కుడి చెయ్యి స్టీరింగ్ మీద నుంచి జారి తొడ మీద పడింది. దాన్ని ఎడమ చేత్తో ఎత్తి మళ్లీ స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు. మళ్లీ జారింది.

ఆదిశేషు ఇంజిన్ ఆపేశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని, బండిది కాదు వదినా, దిగమను, ఆస్పత్రికి పోదాం అన్నాడు. జాకీలు దింపి ఆదిశేషే తోలాడు. మలుపుల్లో స్టీరింగ్ ఎంత తేలికగా తిరుగుతోందో చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

21 ఫిబ్రవరి, ఒంగోలు

మార్కాపురంలో స్కాన్ తీసి ఇక్కడికి పంపారు. పక్షవాతం. చిన్నది ముందే వచ్చిందట, తర్వాత ఇంకోటి. ఎప్పటి నుంచమ్మా చెయ్యి ఇట్లుంది అని డాక్టరమ్మ అడిగింది. స్టీరింగ్ కారడం మొదలైనప్పటి నుంచి అన్నాను. ఆమె పెన్ను పట్టుకుని నన్ను చూస్తోంది. మళ్లీ అడిగింది. ఆయిల్ ఎప్పుడు పోశామో, సీల్ ఎప్పుడు వేశామో చెప్పగలను. చెయ్యి ఎప్పుడు పోయిందో ఎవరం చూడలేదు. మొదట్లోనే వచ్చుంటే బాగుండేదమ్మా అంది. ఎంత మెల్లగా అందో. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

24 ఫిబ్రవరి

రాములమ్మ ఫోన్ చేసింది. శివరాత్రి సరుకులు వేరే బండికి చెప్పుకున్నానే, ఏమనుకోవద్దు అంది. ఏమనుకుంటాను.

26 ఫిబ్రవరి

పొద్దున ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి తీసుకుని తన కుడి చేతిలో పెట్టుకున్నాడు. ఆ వేళ్లు ముడుచుకోలేదు. గట్టిగా పట్టుకున్నానా ఎలీషా అన్నాడు.

నొప్పి పుడతాంది, వదులు అన్నాను.