చక్‌లో మరిచిన కీ

ఒరే అల్లుడూ,

"టెస్టు బాగానే చేశాను మామయ్యా, ఎందుకు తీసుకోలేదో తెలియడం లేదు" అని రాశావు. నీ పనితనానికి వంక లేదు. లేత్ మిషన్ చక్‌లో ఇనప ముక్క బిగించాక, ఆ బిగించే కీ అందులోనే వదిలేసి స్విచ్ మీద చెయ్యేశావు. చివర్లో చూసుకుని తీశావు గానీ, మిషన్ తిరిగుంటే ఆ కీ ఎగిరొచ్చి ఎవరి మొహమో పగిలేది. ఒక్క ఉద్యోగానికి రెండొందల మంది వచ్చినప్పుడు వాళ్లకి ఆ మాత్రం సాకు చాలు. బిగించిన చేత్తోనే కీ తీసెయ్యి.

నేనెలా చూశానంటావా? లైన్లో నీ వెనక నాలుగోవాణ్ణి. ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మా వర్క్‌షాపు మూతపడి మూడు నెలలైంది. మీ అత్తయ్య ఇంకా పొద్దున్నే క్యారేజీ కట్టి ఇస్తూనే ఉంది, తనకి చెప్పకు. ఆ టెస్టులో నాకు వయసు మీరిందన్నారు.

గురువారం పంపుల ఫ్యాక్టరీలో టెస్టుంది. ఆరింటికే వెళ్లి నాకూ ఒక చోటు పట్టు. క్యారేజీ ఇద్దరం తిందాం.

మామయ్య