పాపకు నానమ్మ పేరు ఎందుకు పెట్టలేదు

రీడింగ్,
12 మే 2014

పూజ్యురాలైన నానమ్మకు హెప్సి వందనాలు.

మీ పేరు పెట్టమని మీరు కోరినా వినక, తన మనవరాలికి కాలం చేసిన మీ వదిన సారమ్మ పేరే పెట్టినందుకు శామ్యూల్ మామయ్యను నిలదీయడానికి వాట్‌ఫర్డ్ వెళ్లాను. మూడు వాదనలు సిద్ధం చేసుకున్నాను. మొదటిదానికే ఆయన పకపకా నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! మా అమ్మ సారమ్మ యూదుల పిల్ల. పదహారేళ్లకే పోలండ్ నుంచి ఒంటరిగా వచ్చి అమెరికాలో ఓడ దిగినా, మా నాన్నను పెళ్లాడినా, తమవాళ్ల ఆచారం మాత్రం వదల్లేదు. బతికున్నవాళ్ల పేరు పిల్లలకు పెట్టరు. అత్త, అదే మీ నానమ్మ, నిక్షేపంగా ఉంటే ఆమె పేరెట్లా పెడతానే?"

ఇంత సంతోషంగా నేనెన్నడూ ఓడిపోలేదు.

మీ అన్నావదినల పెళ్లి ఫోటో పాప కోసం పంపండి. మోకాలి నొప్పి తగ్గిందా? మందులు మానకండి. మీ పేరు మరో పాతికేళ్లు ఏ పిల్లకూ దక్కకూడదు.

మీ మనవరాలు
హెప్సి