తూర్పు హద్దు

బాపూ,

నువ్వు పోయాక మూసిన మన జగిత్యాల దస్తావేజుల ఆఫీసు ఇవాళ తెరిచాను. బోర్డు మీద నీ పేరు కింద నా పేరు రాయించాను. రంగు ఆరకముందే గిరాకీ వచ్చింది, చూశావా!

కొడిమ్యాల నుంచి మల్లవ్వ వచ్చి, పొలం కూతురికి చెందేలా వీలునామా రాయమంది. హద్దులు అడిగాను. మూడు దిక్కులూ గడగడా చెప్పి, తూర్పు దగ్గర మూతి ముడిచింది.

"ఆడున్నడొకడు. గాని పేరు నా నోటికెందుకు బిడ్డా?"

ఆ ఒకడు ఆమె సొంత తమ్ముడు గంగారాం. రెండు పొలాల నడుమ గెట్టు పంచాయితీతో ఏళ్లుగా మాటల్లేవట. రేపు తగాదాకు వచ్చేది హద్దు రైతే, వాణ్నే సాక్షిగా పిలవమనేవాడివి కదా! ఫోన్ చేసి పిలిచాను. మల్లవ్వ నన్ను కొట్టలేదు, అంతే.

గంగారాం వచ్చి బెంచీకి ఆ కొసన కూర్చున్నాడు. నీలాగే గట్టిగా చదివి వినిపించాను: "తూర్పు, గంగారాం భూమి."

మల్లవ్వ గోడను చూస్తూ గయ్యిమంది. "ఎవలో పరాయోడైనట్టు సదువుతున్నవేంది? మా తమ్ముని భూమని రాయి."

గంగారాం గొంతు సవరించుకున్నాడు. "మేడం, సంతకం వెట్టినంక నా వీలునామా గూడ రాయుండ్రి. పడమటి హద్దు మా అక్క."

ఇద్దరూ ఒకే ఆటోలో పోయారు, మళ్లీ గెట్టు గురించే కొట్లాడుకుంటూ.

హద్దుల్లో చుట్టరికాలు రాయకూడదని నేర్పావు. రాశాను బాపూ. కొట్టెయ్యాలంటే నువ్వే రావాలి.

నీ బిడ్డ